గల్లాపెట్టె చెప్పని లెక్క

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి సంవత్సరమూ ఈ సభలో పిల్లల చదువును గురించి, పెళ్ళి ఖర్చులను గురించి, వితంతు సహాయాన్ని గురించి పెద్దలు చెబుతూనే ఉన్నారు. ఈసారి కార్యదర్శిగారు నాకు ఇచ్చిన విషయం "హోటళ్ళలో, సేవా వ్యాపారాలలో ఉత్పాదకతను కొలవడం ఎలా" అన్నది. ఆ పేరు వినగానే ఇదేదో కాలేజీ పాఠం, మనకెందుకండీ అని కొందరికి అనిపించవచ్చు. కానీ ఈ సభలో కూర్చున్నవారిలో ఎందరి ఇళ్ళలో పొయ్యి వెలగడానికి హోటలు పొయ్యి ఆధారమో ఒక్కసారి ఆలోచించండి. టీ కొట్టు పెట్టుకున్నవారున్నారు. బిర్యానీ పాయింటు నడిపేవారున్నారు. దావత్‌లకు, వలీమాలకు డేకిసాలు ఎత్తే వంట మాస్టర్లున్నారు. విజయవాడలోనో గుంటూరులోనో సప్లయర్లుగా, లాడ్జీలలో రూంబాయ్‌లుగా పనిచేసే కుర్రవాళ్ళున్నారు. ఇంట్లోనే సమోసాలు చుట్టి కొట్లకు వేసే అక్కచెల్లెళ్ళున్నారు. వీరందరిదీ సేవా వ్యాపారమే. కాబట్టి ఈ పాఠం మనదే.

ఇంకొక మాట. ఈ కుటుంబాలలో తెల్లవారుజామున ఫజర్ నమాజుకు ముందే బయలుదేరిన మనిషి రాత్రి పదకొండింటికి ఇల్లు చేరతాడు. బిడ్డలు నిద్రలో ఉండగా వెళ్ళి, నిద్రలో ఉండగానే వస్తాడు. ఇంత కష్టపడినా నెలాఖరుకు యజమాని చేతిలోనూ మిగిలేది తక్కువే, పనివాని చేతిలోనూ మిగిలేది తక్కువే. ఎందుకిలా జరుగుతున్నదని అడిగితే "రోజులు బాగాలేవు" అంటాం. రోజుల సంగతి అల్లాహ్‌కు తెలుసు. మన పని సంగతి మాత్రం మనం తెలుసుకోవలసి ఉన్నది.

నేను మనవి చేయదలచినది ఒక్కటే. మన హోటళ్ళలో పని గంటలు తగ్గాలి, జీతం తగ్గరాదు, యజమాని నష్టపోరాదు. ఈ మూడూ ఒకేసారి జరగడానికి దారి ఉన్నది. ఆ దారి పట్టాలంటే గల్లాపెట్టెలో డబ్బును లెక్కించినంత శ్రద్ధగా పనిని కూడా లెక్కించాలి.

ముందుగా ఉత్పాదకత అంటే ఏమిటో చూద్దాం. ఎంత పెట్టాము, ఎంత వచ్చింది అన్న నిష్పత్తే ఉత్పాదకత. పెట్టినది మనిషి శ్రమ కావచ్చు, గ్యాసు కావచ్చు, బియ్యం కావచ్చు. మన దేశంలో దీని కోసమే 1958లో జాతీయ ఉత్పాదకతా మండలిని ఏర్పాటు చేశారు. అంతకు చాలా ముందే అమెరికాలో ఫ్రాంక్ గిల్‌బ్రెత్ అనే ఆయన తాపీ పనిని కళ్ళతో కొలిచాడు. ఒక ఇటుక పేర్చడానికి మేస్త్రీ 18 కదలికలు చేస్తున్నాడని గమనించి, ఇటుకలను నడుము ఎత్తున బల్ల మీద పెట్టించి, సున్నం చేతికందేటట్లు అమర్చి, ఆ కదలికలను 5కు తగ్గించాడు. గంటకు 120 ఇటుకలు పేర్చే చోట 350 పేర్చారని 1911లో వెలువడిన టేలర్ గ్రంథంలో ఉన్నది. ఇందులో గమనించవలసినది ఏమిటంటే, ఆయన మేస్త్రీని తొందరపెట్టలేదు, అరవలేదు. వంగి లేవడం తప్పించాడు, అంతే.

మన మంగళగిరి వారికి కొలత కొత్త కాదు. ఇది నేత ఊరు. గుంట మగ్గం మీద కూర్చున్న నేత కార్మికుడు ఎన్ని చీరలు దించాడో, నిజాం అంచు సరిగా పడిందో లేదో చీర విప్పి చూస్తే తెలుస్తుంది. ఈరోజు నేసిన చీర ఈరోజు అమ్ముడుపోకపోతే రేపు అమ్ముకోవచ్చు. చీర కొనేవారు మగ్గం పక్కన కూర్చోనవసరం లేదు.

హోటలు పని ఇలాంటిది కాదు. మూడు తేడాలున్నాయి. మొదటిది, దీనిని దాచిపెట్టలేము. మధ్యాహ్నం ఒంటిగంటకు ఖాళీగా ఉన్న కుర్చీని సాయంత్రం ఆరింటికి అమ్ముకోలేము. ఆ గంట పోయింది, పోయినట్లే. రెండవది, తినేవాడు మన పనిలో భాగస్వామి. ఆయన ఆలస్యంగా ఆర్డరు చెప్పినా, తిన్నాక అరగంట కబుర్లు చెప్పుకుంటూ కూర్చున్నా మన లెక్క మారుతుంది. మూడవది, నాణ్యత అనేది చేత్తో పట్టుకుని చూసే వస్తువు కాదు. వేడి, రుచి, శుభ్రత, మాట మర్యాద అన్నీ కలిసి నాణ్యత. అందుకే మగ్గం లెక్క హోటలుకు ఉన్నదున్నట్లు పనికిరాదు. అలాగని లెక్కే వద్దనుకోవడం మరీ పొరపాటు.

మన యజమానులు లెక్క చూడరా అంటే, చూస్తారు. రాత్రి కొట్టు కట్టేముందు గల్లాపెట్టె తెరిచి, నోట్లు, ఫోనులో వచ్చిన డబ్బూ కలిపి లెక్క వేస్తారు. నిన్న ఇరవై వేలు, ఇవాళ ఇరవై రెండు వేలు, బాగుంది అనుకుంటారు. కానీ ధరలు పెంచిన మరునాడు కూడా గల్లా పెరుగుతుంది. అందువల్ల పని పెరిగినట్లా? పెళ్ళిళ్ళ రోజుల్లో పెరుగుతుంది, రంజాన్ నెల పగటిపూట తగ్గుతుంది. దానిలో పనివాని గొప్పా లేదు, తప్పా లేదు.

దీనికి మన కళ్ళెదుట ఉదాహరణ అన్న క్యాంటీన్లు. 2018 జూలైలో విజయవాడలో మొదలయ్యాయి. 2019లో మూతపడ్డాయి. 2024 ఆగస్టు 15న గుడివాడలో మళ్ళీ తెరిచారు. అక్కడ పూటకు 5 రూపాయలు పెట్టారు. ఇప్పుడు గల్లా లెక్కన చూస్తే, అక్కడ వడ్డించే మనిషి వందమందికి వడ్డిస్తే 500 రూపాయల పని చేసినట్లు. పక్క హోటలులో భోజనం 100 రూపాయలనుకుంటే, అక్కడి సప్లయరు ఐదుగురికి వడ్డిస్తే అంతే పని చేసినట్లు. ఇది న్యాయమైన లెక్కేనా, చెప్పండి! నింపిన కడుపులను లెక్కించాలి గదా. గల్లాపెట్టె ధరను చెబుతుంది, పనిని చెప్పదు. రెండింటికీ రెండు పుస్తకాలు కావాలి.

సరే, పనిని దేనితో కొలవాలి? అన్నిటికంటె తేలిక కొలత, ఒక మనిషి ఒక గంటలో ఎన్ని ప్లేట్లకు సరిపడా పని చేశాడు అన్నది. దీనిని మనిషి-గంట లెక్క అందాం. ఒక ఊహాలెక్క చెబుతాను. ఏ హోటలునూ ఉద్దేశించి చెప్పడం లేదు, ఎవరూ భుజాలు తడుముకోవద్దు.

ఒక హోటలులో 8 మంది పనివాళ్ళున్నారు. రోజుకు 12 గంటలు. అంటే 96 మనిషి-గంటలు. రోజుకు 480 ప్లేట్లు పోతాయి. 480ని 96తో భాగిస్తే గంటకు 5 ప్లేట్లు. రెండవ హోటలు చిన్నది. 5 మంది, రోజుకు 10 గంటలు. 50 మనిషి-గంటలు. 300 ప్లేట్లు. అంటే గంటకు 6. సగటున ప్లేటు 60 రూపాయలనుకుంటే మొదటివారి గల్లాలో 28,800, రెండవవారి గల్లాలో 18,000. బజారులో అందరూ మొదటి హోటలే గొప్పగా నడుస్తోందంటారు. మనిషి-గంట లెక్క చూస్తే చిన్న హోటలే మెరుగు.

అయితే ఇక్కడితో ఆగరాదు. ఆ చిన్న హోటలుకు కావలసిన అల్లం వెల్లుల్లి ఒలిచేదెవరు? మసాలా నూరేదెవరు? ఉల్లిపాయలు తరిగి డబ్బాలకెత్తి పంపేదెవరు? ఇంట్లో భార్య, తల్లి. ఇద్దరూ రోజుకు ఐదేసి గంటలు కూర్చుంటారు. వారికి జీతం లేదు కాబట్టి వారి పని ఏ పుస్తకంలోనూ లేదు. ఆ 10 గంటలు కలిపి చూడండి. 50 కాదు, 60 మనిషి-గంటలు. 300ని 60తో భాగిస్తే ఎంతండీ? మళ్ళీ గంటకు 5 ప్లేట్లే! చిన్న హోటలు మెరుగు అనుకున్నామే, ఆ మెరుగంతా ఇంటి ఆడవాళ్ళ చేతుల్లోంచి వచ్చినదే. దీనిని ఉత్పాదకత అనరు. లెక్కకు రాని చాకిరీ అంటారు. పర్దా వైపు నుంచి నవ్వు వినబడుతోంది, అంటే నేను చెప్పింది నిజమేనన్నమాట.

అలాగే పిల్లల సంగతి. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలను హోటళ్ళలో, ధాబాలలో, టీ కొట్లలో పనికి పెట్టరాదని 2006 అక్టోబరు 10 నుంచి నిషేధం వచ్చింది. 2016లో చట్టాన్ని ఇంకా బిగించారు. పిల్లవానికి జీతం తక్కువ కాబట్టి ఖర్చు తగ్గిందని సంబరపడేవారికి లెక్క రాదని అర్థం. వాడి బడిచదువును హోటలు ఖర్చులో వేసి చూస్తే అది ఎంత ఖరీదైన టీ గ్లాసో తెలుస్తుంది.

ఇప్పుడు రెండవ మెట్టు. ప్లేట్లన్నీ ఒకటేనా? 480 ప్లేట్లలో 30 చల్లారిపోయి వెళ్ళాయనుకోండి, లేక ఒకరి ఆర్డరు ఇంకొకరికి వెళ్ళిందనుకోండి. ఆ 30 లెక్కలోకి రాకూడదు. 450ని 96తో భాగిస్తే గంటకు 4.7 కూడా రాదు. ప్లేట్లను మాత్రమే లెక్కపెట్టి, మంచి ప్లేట్లను లెక్కపెట్టకపోతే ఏమౌతుందో మనందరికీ తెలుసు. గరిటె లోతు తగ్గుతుంది, ముక్క చిన్నదవుతుంది, గ్లాసు సరిగా కడగకుండానే మళ్ళీ టీ పడుతుంది. అంకె మాత్రం పెరుగుతుంది. పవిత్ర ఖుర్ఆన్‌లో 83వ సూరాకు అల్ ముతఫ్ఫిఫీన్ అని పేరు. తాను తీసుకునేటప్పుడు నిండుగా కొలిపించుకుని, ఇచ్చేటప్పుడు తగ్గించి ఇచ్చేవారిని గురించిన గట్టి హెచ్చరికతో అది మొదలౌతుంది. తూనికలు, కొలతల విషయంలో మనకు ఇంతకంటె పెద్ద పాఠం లేదు. ఇది గరిటెకూ వర్తిస్తుంది. జీతం తక్కువిచ్చి గంటలు ఎక్కువ పిండుకునే యజమానికీ, జీతం పూర్తిగా తీసుకుని పని తగ్గించే పనివానికీ కూడా వర్తిస్తుందని నేననుకుంటాను.

మూడవ మెట్టు గంటల లెక్క. హోటలులో రోజంతా ఒకే తీరుగా ఉండదు. పొద్దున్న ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా ఊపిరాడదు. పదకొండింటికి సప్లయర్లు గోడకానుకుని నిలబడతారు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండున్నర దాకా మళ్ళీ తొక్కిసలాట. మూడు నుంచి ఐదుదాకా ఈగలు తోలుకోవడం. యజమాని అప్పుడే వచ్చి, "చూశారా, ఖాళీగా నిలబడి జీతాలు తీసుకుంటున్నారు" అంటాడు. ఆ ఖాళీ పనివాడు తెచ్చినది కాదండీ. రోజంతా అందరినీ ఒకేసారి రమ్మని పిలిచిన ఏర్పాటు తెచ్చినది.

అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన షెరిల్ కైమ్స్ అనే ప్రొఫెసరమ్మ 1998లో దీనికి ఒక కొలత చెప్పింది. దానిని మనం కుర్చీ-గంట లెక్క అనుకోవచ్చు. 40 కుర్చీలు, మధ్యాహ్నం 3 గంటలు. అంటే 120 కుర్చీ-గంటలు మన దగ్గర సరుకుగా ఉన్నాయి. ఆ మూడు గంటల్లో 18,000 వస్తే కుర్చీ-గంటకు 150 రూపాయలు. ఇలా ప్రతి పూటకూ రాసుకుంటే ఏ పూట కుర్చీలు చాలడం లేదో, ఏ పూట మనుషులు ఎక్కువగా ఉన్నారో తెలిసిపోతుంది. లాడ్జీ నడిపేవారికీ ఇదే సూత్రం. గదికి 1,000 రూపాయలని బోర్డు కట్టి, 20 గదులలో 12 నిండితే, గది ధర 1,000 అనుకోకూడదు. 12,000ని 20తో భాగించి 600 అనుకోవాలి. ఖాళీ గదిని కూడా లెక్కలో కలుపుకోవడమే దీనిలోని కీలకం.

మన ఊహాహోటలుకే వద్దాం. 8 మందిలో నలుగురికి వంతులవారీగా మధ్యాహ్నం 3 గంటలు సెలవిచ్చారనుకోండి. ఇంటికి వెళ్ళి అసర్ నమాజు చేసుకుని, బిడ్డను బడినుంచి తెచ్చుకుని తిరిగి వస్తారు. 12 మనిషి-గంటలు తగ్గాయి. 84 గంటల్లో అవే 480 ప్లేట్లు. గంటకు 5.7. ఒక్క రూపాయి ఖర్చు లేదు, ఒక్క మిషను కొనలేదు, ఎవరినీ తీసివేయలేదు. జీతం తగ్గలేదు. తగ్గినదల్లా గోడకానుకుని నిలబడటం.

నాలుగవ మెట్టు, వండటాన్నీ వడ్డించడాన్నీ వేరుచేసి చూడటం. ఇది హైదరాబాదు ఇరానీ హోటళ్ళు మనకు ఎప్పుడో నేర్పిన పాఠం. అక్కడ డికాషన్ ఒక పాత్రలో మూతపెట్టి దమ్ మీద ఉంటుంది. పాలు వేరే పాత్రలో సన్నని మంట మీద మరుగుతుంటాయి. మనిషి వచ్చి "ఏక్ చాయ్" అనగానే రెండూ కలిపి కప్పులో పోయడమే. గంటల కొద్దీ పట్టే పని ముందే జరిగిపోయింది. అడిగినవాని ముందు జరిగేది కొద్ది క్షణాల పని. అందువల్ల తొందరలేదు, ఆలస్యమూ లేదు. మన కొట్లలో చాలావరకు ఒక్కొక్క ఆర్డరుకు గిన్నె కడిగి, పాలు పోసి, మొదటినుంచి మొదలుపెడతారు. రద్దీ సమయంలో టీ మాస్టరు చేతులు కాల్చుకుంటాడు, ఎదురు చూసేవాడు విసుక్కుని పక్క కొట్టుకు పోతాడు.

ఇదే సూత్రం పెద్ద ఎత్తున చూడాలనుకుంటే దూరం పోనక్కరలేదు. మన మంగళగిరి దగ్గర ఆత్మకూరులో అక్షయపాత్ర వారి కేంద్రీకృత వంటశాలను 2022 ఫిబ్రవరిలో ప్రారంభించారు. 2 గంటల్లో 50 వేలమంది బడి పిల్లలకు భోజనం తయారు చేయగల వంటశాల అని ప్రారంభం నాడు చెప్పారు. ఆవిరితో ఉడికే పెద్ద పాత్రలు, వంట ఒకచోట, వడ్డన బడిలో. తిరుమలలో నిత్యాన్నదానం 1985లో మొదలైంది. 2011లో ప్రారంభమైన తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనంలో నాలుగు హాళ్ళలో ఒకేసారి 4 వేలమంది కూర్చుని తినవచ్చు. అక్కడా వంట ఒక క్రమంలో, వడ్డన ఒక క్రమంలో సాగుతాయి. ఎవరిదైనా సరే, మంచి ఏర్పాటు కనబడితే నేర్చుకోవడంలో తప్పులేదు. మన దావత్‌లలో దస్తర్‌ఖాన్ పరిచాక నీళ్ళ గ్లాసు కోసం ఒక కుర్రవాడు పందిరి ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఎన్నిసార్లు పరిగెత్తుతాడో లెక్కపెట్టి చూడండి. ఇటుకల కోసం వంగి లేచిన ఆ మేస్త్రీ గుర్తుకు వస్తాడు.

అయితే అన్ని పనులూ యంత్రానికి లొంగవు. 1966లో విలియం బౌమోల్, విలియం బోవెన్ అనే ఇద్దరు అర్థశాస్త్రజ్ఞులు ఒక సంగతి చెప్పారు. నలుగురు కలిసి వాయించే సంగీతానికి రెండు వందల ఏళ్ళ కిందట ఎంతమంది, ఎంతసేపు కావాలో ఇప్పుడూ అంతే కావాలి. ముగ్గురితో వాయించలేరు, వేగంగా వాయించి ముగించలేరు. ఫ్యాక్టరీలలో మనిషి పని ఎన్నో రెట్లు పెరిగి జీతాలు పెరుగుతుంటే, ఇలాంటి పనులలో పని పెరగదు గానీ జీతం పెంచక తప్పదు. అందుకే ఇలాంటి సేవలు నానాటికీ ప్రియమౌతాయి. మన ఖవ్వాలీ అయినా అంతే, క్షవరమైనా అంతే. దమ్ బిర్యానీ కూడా అంతే గదా, పావుగంటలో దమ్ పట్టమంటే పడుతుందా?

హలీమ్‌ను చూడండి. హైదరాబాదీ హలీమ్‌కు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గంటల తరబడి ఉడకాలి, కర్రతో రుబ్బాలి. ఇప్పుడు చాలాచోట్ల రుబ్బే యంత్రాలు వచ్చాయి. చేతుల నొప్పి తగ్గింది, అది మంచిదే. కానీ మంట మీద ఉండవలసిన సమయాన్ని తగ్గించినవారి హలీమ్ ఎలా ఉంటుందో తిన్నవారికి తెలుసు. కాబట్టి యజమాని ముందుగా తేల్చుకోవలసినది ఏమిటంటే, నా హోటలులో తొందరపెట్టగల పని ఏది, తొందరపెట్టకూడని పని ఏది అన్నది. కడగటం, తరగటం, మోయటం, బిల్లు రాయటం, వీటిలో ఎంత సమయం తగ్గించినా మేలే. దమ్ పెట్టడం, వడ్డించేటప్పుడు "ఇంకొంచెం వేయమంటారా భాయ్" అని అడగటం, ముసలాయన వస్తే చేయిపట్టి కూర్చోబెట్టడం, వీటిలో తగ్గించరాదు. మొదటిదానిలో మిగిలిన సమయాన్ని రెండవదానికి ఇవ్వాలి. మన మెహమాన్‌నవాజీ అంటే అదే.

ఇక అసలు గమ్యానికి వస్తాను. చట్టం పనివానికి వారానికి 48 గంటల పరిమితి చెబుతున్నది. ఆరు రోజుల మీద రోజుకు 8 గంటలు. మన ఊహాహోటలు 12 గంటల దగ్గర ఉన్నది. 8 మందిని 8 గంటల చొప్పున పెడితే 64 మనిషి-గంటలే దొరుకుతాయి. 480 ప్లేట్లను 64తో భాగిస్తే గంటకు 7.5. అంటే 5 నుంచి 7.5కు చేరగలిగితే, అదే వ్యాపారం, అదే జీతం, 8 గంటలకే మనిషి ఇంటికి. మధ్యాహ్నం ఏర్పాటు మార్చితే 5.7కు వచ్చాం. మిగిలినది వంటకు ముందుపని వేరు చేసుకోవడంలో, ప్లేట్లు, గ్లాసులు చేతికందే చోట పెట్టుకోవడంలో, రోజుకు రెండు ప్లేట్లయినా పోని పదార్థాలను మెనూలోనుంచి తీసివేయడంలో, చల్లారి తిరిగివచ్చే ప్లేట్లను ఆపడంలో ఉన్నది. ఒక్క నెలలో రాదు. కొన్ని హోటళ్ళలో 7 దగ్గర ఆగిపోవచ్చు. అప్పుడు ఇంకొక మనిషిని పెట్టుకోవాలి, దానికి తగినట్లు ధర పెట్టుకోవాలి. అది కూడా లెక్క ఉంటేనే ధైర్యంగా చేయగలం.

కొందరు పనివాళ్ళకు ఒక అనుమానం వస్తుంది, సహజమే. "లెక్క మొదలుపెడితే రేపు మా నెత్తిన పడుతుంది, గంటకు ఇన్ని అనే నిబంధన పెడతారు, ఒకరిని తీసివేస్తారు" అని. ఈ భయం నిరాధారమైనది కాదు. లోకంలో చాలాచోట్ల అలాగే జరిగింది. అందుకని రెండు కట్టుబాట్లు ముందే పెట్టుకోవాలి. ఒకటి, ఈ లెక్క హోటలుకు గాని మనిషికి కాదు. ఫలానా కుర్రవాడు గంటకు ఎన్ని మోశాడని పుస్తకంలో రాయరాదు. ఒకరు కడిగితేనే ఒకరు వండగలరు, ఒకరు వండితేనే ఒకరు వడ్డించగలరు. పని ఉమ్మడిది, లెక్కా ఉమ్మడిదే. రెండు, మిగిలిన ఫలితం ముందుగా పని గంటలు తగ్గించడానికే వాడాలి. ఆ తరువాత మిగిలినది పంచుకోవాలి. కూలిని ఆలస్యం చేయరాదని మన ప్రవక్త (స) బోధించిన సంగతి యజమానులకు నేను వేరే చెప్పనక్కరలేదు.

ఇది ఇప్పుడే ఎందుకంటే, మన ఊరు మారుతున్నది. జాతీయ రహదారి ఒకప్పుడూ ఉన్నది గానీ, 2019లో ఎయిమ్స్‌లో రోగులను చూడటం మొదలైన తరువాత, దూరపు ఊళ్ళనుంచి వచ్చేవారు పెరిగారు. 2021లో మంగళగిరి, తాడేపల్లి కలిసి నగరపాలక సంస్థ అయ్యాయి. రోగి వెంట వచ్చిన మనిషికి శుభ్రమైన గది, సమయానికి వేడి అన్నం, ఒక మంచి మాట కావాలి. ఈ సేవ చేయడానికి పెద్ద కంపెనీల హోటళ్ళూ వస్తాయి. వారి దగ్గర ప్రతి కుర్చీకీ, ప్రతి గంటకూ లెక్క ఉంటుంది. మన దగ్గర చేతివాటం ఉంది, రుచి ఉంది, మర్యాద ఉంది. లెక్క ఒక్కటే లేదు. అది లేకపోతే మన పిల్లలు మన హోటళ్ళు మూసుకుని వారి హోటళ్ళలో యూనిఫారం తొడుక్కోవలసి వస్తుంది. ఉద్యోగం తప్పని కాదు. కానీ తండ్రి పెట్టిన పొయ్యి ఆరిపోవడం మాత్రం బాధే.

చివరగా సంఘానికి నా విన్నపం. పెద్ద పథకాలు వద్దు. ఇష్టపడి ముందుకు వచ్చిన హోటళ్ళు, టీ కొట్లు, వంట మాస్టర్లు ఒక మూడు నెలలపాటు ఒక నోటుపుస్తకం పెట్టుకుంటే చాలు. దానిలో నాలుగు గడులు. ఇవాళ ఎన్ని మంచి ప్లేట్లు వెళ్ళాయి. ఎన్ని తిరిగివచ్చాయి, ఎంత పారపోశాం. ఇంటి ఆడవాళ్ళతో సహా ఎన్ని మనిషి-గంటలు పట్టాయి. ఏ గంటలో రద్దీ, ఏ గంటలో ఖాళీ. రాత్రి గల్లా లెక్క చూసేటప్పుడు ఇంకొక ఐదు నిమిషాలు. రాయడం రానివారికి కాలేజీ చదువుతున్న మన పిల్లలు రాసిపెడతారు. వారికీ అకౌంట్లు నేర్చుకున్నట్లుంటుంది. మూడు నెలల తరువాత ఆ పుస్తకాలు పట్టుకుని అందరూ ఒకచోట కూర్చుందాం. ఎవరి రహస్యాలూ బయటపెట్టనక్కరలేదు. గంటకు ఎన్ని ప్లేట్లు అన్న ఒక్క అంకె, మనిషికి ఎన్ని గంటల పని అన్న రెండవ అంకె చెప్పుకుంటే చాలు. మొదటి అంకె పెరిగి, రెండవ అంకె తగ్గినవారు మిగిలినవారికి ఎలా చేశారో చెప్పాలి.

వచ్చే వార్షిక సమావేశానికి ఇన్షా అల్లాహ్ ఆ రెండు అంకెలనూ ఇదే వేదిక మీద చదివి వినిపించుకుందాం. ఆనాడు వెనుక వరుసల్లో ఇవాళ కనబడని సప్లయరు సోదరులు, టీ మాస్టరు సోదరులు కూడా కూర్చుని ఉండాలని నా కోరిక. ఈ సమయానికి వారిలో చాలామంది ఇంకా పనిలోనే ఉన్నారు, అందుకే ఈ మాటలు వారి చెవిన వేసే బాధ్యత మీ మీద పెడుతున్నాను.